వ్యాపార అనుకరణ ఆటలు: హైదరాబాద్ అనుభవం

విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక్కో జట్టు ఒక్కో ఊహాసంస్థను నడుపుతూ ధరలు, ఉత్పత్తి, అప్పులు, జీతాల మీద నిర్ణయాలు తీసుకునే అభ్యాసమే వ్యాపార అనుకరణ ఆట. ఎంబీఏ తరగతుల్లో దీన్ని బిజినెస్ గేమ్ అనీ, సిమ్యులేషన్ అనీ అంటారు. ఇందులో నష్టం కాగితం మీదే వస్తుంది. ఆ నష్టం చుట్టూ రేగే వాదులాట, అలక, సర్దుబాటు మాత్రం నిజమైనవి. జట్టుగా పనిచేయడం అలవడేది అక్కడే.

పుట్టుక

1932లో లెనిన్‌గ్రాడ్‌లో మరియా బిర్‌ష్టెయిన్ టైప్‌రైటర్ల కర్మాగారం కోసం రూపొందించిన అభ్యాసం ఈ కోవలో తొలి ప్రయత్నాల్లో ఒకటి. 1950ల రెండో భాగంలో అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ కంప్యూటర్ సాయంతో నడిచే ఆటను తెచ్చింది. దాని తరువాత బిజినెస్ స్కూళ్లు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి.

ఎంఐటీలో పుట్టిన బీర్ గేమ్‌ను నేటికీ ఆడిస్తున్నారు. చిల్లర దుకాణం, టోకు వ్యాపారి, పంపిణీదారు, కర్మాగారం అని నాలుగు స్థానాలుంటాయి. మాటలు నిషిద్ధం, ఆర్డరు చీటీ ఒక్కటే చేతులు మారుతుంది. గిరాకీ కాస్త పెరిగితే చాలు, ముందు సరుకు కొరత, వెనకే గోదాముల నిండా నిల్వలు. ప్రతివారూ పక్కవారినే తప్పుపడతారు. లెక్కలన్నీ బల్ల మీద పరిచాక, సమాచారం పంచుకోలేకపోవడమే నష్టానికి మూలమని అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో

నగరంలో ఈ తరహా శిక్షణకు పునాది పాతదే. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ఇంగ్లండ్‌లోని హెన్లీ కళాశాల నమూనాలో, అధికారులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఒకే సమస్యను చర్చింపజేసింది. యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సీట్ (నేటి నిమ్స్‌మే) 1964లో మరో అడుగు వేసింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ పథకం ప్రకారం కాకినాడ వ్యాపారులను పిలిపించి శిక్షణ ఇచ్చింది. కాకినాడ ప్రయోగంగా పేరొందిన ఈ కృషి ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. శిక్షణ పొందినవారు ఆ తరువాతి కాలంలో, పొందనివారికంటే చురుగ్గా వ్యాపారాలు విస్తరించారని తేలింది.

మెక్లెలాండ్ పేరుతో ముడిపడిన రింగుల ఆటలో, మేకుకు ఎంత దూరం నుంచి రింగు విసరాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. మరీ దగ్గరైతే సాధించేదేమీ లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. అయితే అది ఒంటరి మనిషి పట్టుదలకు పరీక్ష.

జట్టుకు పరీక్ష పెట్టేది దిమ్మెల గోపురం ఆట. మన దేశంలో ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణలో దీన్ని విరివిగా వాడతారు. కార్మికుడి పాత్ర వేసినవారి కళ్లకు గంతలు కట్టి దిమ్మెలు పేర్పిస్తారు. ఎన్ని దిమ్మెలు పేర్చగలరో మేనేజరు, సూపర్‌వైజరు, కార్మికుడు ముందే అంచనా వేస్తారు. గద్దించే మేనేజరు దగ్గర గోపురం ఎందుకు కూలిందో ఆ తరువాత ముగ్గురూ కలిసి మాట్లాడుకోవాలి. విద్యార్థి జట్ల కోసం ఆలిండియా మేనేజ్‌మెంట్ అసోసియేషన్ ‘చాణక్య’ అనే కంప్యూటర్ సిమ్యులేషన్‌తో పోటీలు నిర్వహిస్తోంది.

ఉప్పల్, నాచారం

నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల పక్కనే బడులు, కళాశాలలు ఉన్నాయి, ఉస్మానియా విశ్వవిద్యాలయమూ దగ్గరే. ఆటకు కావలసిన ముడిసరుకు ఇక్కడి వీధుల్లోనే ఉంది. 2012లో ఉమ్మడి రాష్ట్రంలోని పరిశ్రమలకు పవర్ హాలిడే విధించారు. కరెంటు లేని రోజుల్లో ఏ షిఫ్టు నడపాలి, ఏ ఆర్డరు వదులుకోవాలి, జీతాలు ఎలా సర్దాలి? దీన్నే ఆటగా మలచి, జట్టులో కొనుగోళ్లు, ఉత్పత్తి, అమ్మకాలు, ఖాతాలు తలా ఒకరికి అప్పగిస్తే, ఏ ఒక్కరూ తేల్చలేని చిక్కు అది.

ఆడించే అధ్యాపకులు ఒక్కటి పాటించాలి. ఆటకు ఎంత సమయం ఇస్తే సమీక్షకూ అంతే ఇవ్వాలి. మిగిలిన లాభానికే కాక, నిర్ణయం ఎలా కుదిరిందో జట్టు వివరించే తీరుకూ మార్కులు వేయాలి.