మన ఫోటోల్లో లేని బరంపురం వీధి

మన పాత ఫోటోలన్నీ స్టూడియోలో తీయించినవే. వెనక తెర, ముందు కుర్చీ. వీధి మాత్రం ఎక్కడా లేదు. చేతిలో పట్టే లైకా కెమెరా 1925లోనే అమ్మకానికొచ్చింది గానీ, అలాంటిది మన ఇంటిదాకా రాలేదు.

1936 ఏప్రిల్ 1న బరంపురం మద్రాసు నుంచి ఒరిస్సాలోకి మారింది. ఆ తేదీ పుస్తకాల్లో దొరుకుతుంది. ఆనాడు మన వీధి అంగళ్ళ మీద ఏ లిపి ఉండేదో ఫోటోయే చెప్పాలి. నేను బడిలో చదివింది కన్నడం; తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది సెలవుల్లో ఇక్కడి బోర్డుల మీదే. అవీ తగ్గిపోతున్నాయి.

రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రలో పులివేషాలు తీస్తాం కదా, వెనకున్న అరుగూ బోర్డూ కూడా రానివ్వండి. మనిషిని దగ్గర్నుంచి తీసేటప్పుడు అడిగి తీయండి. తేదీ, వీధి పేరు రాసిపెట్టండి.