ఇయా

ఇయా గ్రీసు దేశమునకు చెందిన శాంటోరిని ద్వీపపు ఉత్తర కొనన, సముద్రముపై నిట్టనిలువుగా లేచిన కొండ అంచున ఉన్న గ్రామము. ఏజియన్ సముద్రములోని సైక్లడీస్ ద్వీపసముదాయములో శాంటోరిని ఒకటి. దీని అధికారిక నామము థీరా. తెల్లని ఇళ్ళకు, నీలి గుమ్మటాల చర్చిలకు, సూర్యాస్తమయ దృశ్యమునకు ఇయా ప్రపంచప్రసిద్ధి పొందినది. 19వ శతాబ్దములో ఇది సంపన్నులైన నావికుల ఊరు. 1956 భూకంపము తరువాత చాలావరకు ఖాళీ అయినది. నేడు కనబడే గ్రామములో అధిక భాగము ఆ శిథిలాల నుండి పునరుద్ధరింపబడినదే.

పేరు

రోమన్ లిపిలోని వ్రాతను బట్టి ఈ పేరును 'ఓయా' అని చదవడము పరిపాటి. అయితే ఆధునిక గ్రీకు భాషలో దీనిని 'ఇయా' అని పలుకుతారు. ప్రాచీన కాలములో ఇదే పేరుగల రేవు ద్వీపపు ఆగ్నేయ తీరమున, నేటి కమారి వద్ద ఉండేది. ప్రస్తుత గ్రామమును పూర్వము 'అపానో మెరియా' అనేవారు. 'పై వైపు' అని దీని అర్థము. ప్రాచీన నామమును ఈ గ్రామమునకు పెట్టినది 19వ శతాబ్దములోనే.

భౌగోళికము

శాంటోరిని ఒక అగ్నిపర్వతపు అవశేషము. సుమారు 3,600 సంవత్సరాల క్రితము సంభవించిన మహా విస్ఫోటనములో భూగర్భము నుండి శిలాద్రవము పెద్ద ఎత్తున వెలువడి, పైనున్న నేల క్రుంగిపోయినది. ఆ పల్లములో సముద్రము నిండి ఉన్నది. ఇట్టి పల్లమును 'కాల్డెరా' అంటారు. శాంటోరిని కాల్డెరా పొడవు సుమారు 12 కిలోమీటర్లు, వెడల్పు 7 కిలోమీటర్లు. దీని ఉత్తరపు అంచున ఇయా ఉన్నది. ఎదురుగా థిరాసియా ద్వీపము, కాల్డెరా మధ్యలో నియా కమేని, పాలియా కమేని అనే అగ్నిపర్వత దీవులు కనబడతాయి. నియా కమేని చివరిసారి 1950లో విస్ఫోటనము చెందినది.

కొండ చరియలో నల్లని లావా, ఎర్రని బొబ్బరాయి, తెల్లని అగ్నిపర్వత బూడిద పొరలు పొరలుగా ఉన్నాయి. ద్వీపములో నదులు లేవు. వర్షము శీతాకాలములో మాత్రమే, అదియు తక్కువగా కురుస్తుంది. అందువలన పూర్వము ప్రతి ఇంటి కప్పు మీద పడిన వాన నీటిని క్రిందనున్న తొట్టెలోనికి మళ్ళించి నిలువ చేసుకొనేవారు. ప్రస్తుతము సముద్రపు నీటి నుండి ఉప్పును తొలగించి వాడుతున్నారు.

చరిత్ర

వెనీసు పాలన

1204లో నాలుగవ క్రూసేడు సైన్యము కాన్‌స్టాంటినోపిలును ఆక్రమించిన తరువాత సైక్లడీస్ దీవులు వెనీసు ప్రభువుల చేతికి వచ్చాయి. శాంటోరినిలో ఐదు కోటలు ఉండేవి. ఇయాలోని అగియోస్ నికొలావోస్ కోట వానిలో ఒకటి. సముద్రపు దొంగల భయము వలన ప్రజలు ఈ కోటల లోపల, వాని చుట్టుప్రక్కల నివసించేవారు. 16వ శతాబ్దములో ద్వీపము ఒట్టోమాన్ తురుష్కుల ఏలుబడిలోనికి వెళ్ళినది. 1830లో స్వతంత్ర గ్రీసు దేశములో భాగమైనది.

నావికుల కాలము

19వ శతాబ్దపు చివరి భాగము ఇయాకు స్వర్ణయుగము. 1890 ప్రాంతములో ఇక్కడ సుమారు 2,500 మంది జనాభా, 130 తెరచాప నౌకలు ఉండేవి. కొండ క్రిందనున్న అర్మేని రేవులో నౌకలను నిర్మించేవారు. ఇయా నౌకలు నల్ల సముద్రములోని రష్యా రేవుల నుండి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వరకు వర్తకము చేసేవి. ద్వీపములో తయారయ్యే 'విన్‌సాంటో' అనే తీపి ద్రాక్షసారాయము రష్యాకు ముఖ్యమైన ఎగుమతి.

ఆవిరి ఓడలు వచ్చిన తరువాత తెరచాప నౌకలకు గిరాకీ తగ్గినది. నౌకా వ్యాపారము పిరేయస్ రేవుకు తరలిపోయినది. దానితో పలు కుటుంబాలు కూడా ఊరు విడిచి వెళ్ళాయి.

1956 భూకంపము

1956 జూలై 9న తెల్లవారుజామున అమోర్గోస్ ద్వీపము సమీపమున సుమారు 7.5 తీవ్రతతో భూకంపము సంభవించినది. పావుగంట లోపే మరొక పెద్ద ప్రకంపనము వచ్చినది. ఈ విపత్తులో 53 మంది మరణించారు. శాంటోరినిలో నష్టము అత్యధికముగా జరిగినది. అందులోనూ ఇయా తీవ్రముగా దెబ్బతిన్నది. ఇళ్ళు కోల్పోయినవారిలో అనేకులు ఏథెన్సు, పిరేయస్ నగరాలకు వలస వెళ్ళారు. 1970ల నాటికి గ్రామములో సుమారు 300 మంది మాత్రమే మిగిలారు.

పునరుద్ధరణ

1970ల మధ్యలో గ్రీకు జాతీయ పర్యాటక సంస్థ సంప్రదాయ గ్రామాల పరిరక్షణ పథకమును ప్రారంభించి, అందులో ఇయాను చేర్చినది. కూలిన గుహాగృహాలను పాత పద్ధతిలోనే బాగుచేసి అతిథి గృహాలుగా మార్చారు. ఊరి రూపు చెడకుండా ఎత్తైన హోటళ్ళు కట్టనీయలేదు. ఈ కృషికి ఐరోపా నోస్ట్రా పురస్కారము లభించినది.

గృహనిర్మాణము

ఇయా ఇళ్ళు రెండు విధాలు. మొదటివి గుహాగృహాలు. వీనిని గ్రీకు భాషలో 'ఇపోస్కఫా' అంటారు. మెత్తని బూడిద పొరలోనికి అడ్డముగా తవ్వి, ముందు భాగములో మాత్రము గోడ కట్టి, తలుపు, కిటికీలు పెడతారు. ద్వీపములో కలప దొరకదు కనుక దూలాలు లేకుండా అర్ధవృత్తాకారపు కప్పు వేస్తారు. అగ్నిపర్వతపు మట్టిని సున్నముతో కలిపితే సిమెంటు వలె గట్టిపడుతుంది. సూయజ్ కాలువ నిర్మాణమునకు కూడా ఈ మట్టిని ఎగుమతి చేశారు. గుహాగృహాలు వేసవిలో చల్లగా, శీతాకాలములో వెచ్చగా ఉంటాయి. ఇవి ఓడలలో పనిచేసే సామాన్య నావికుల ఇళ్ళు.

రెండవవి ఓడ యజమానుల, కెప్టెన్ల భవనాలు. ఇవి కొండ పైభాగములో సమతలముపై నవసాంప్రదాయ శైలిలో, పెద్ద కిటికీలతో నిర్మింపబడినవి. ఒకప్పుడు పేదల నివాసాలైన చరియలోని గుహాగృహాలే నేడు అత్యధిక ధర పలికే విడిది గదులు.

చరియలో ఇళ్ళు మెట్టు మెట్టుగా ఉండుట వలన ఒక ఇంటి కప్పు పైయింటి వారికి ముంగిలి అవుతుంది.

చూడదగిన ప్రదేశాలు

కోట శిథిలాలు: గ్రామపు పడమటి కొనన ఉన్నాయి. సూర్యాస్తమయమును చూచుటకు ఎక్కువ మంది ఇక్కడికే వస్తారు.

నీలి గుమ్మటాల చర్చిలు: అగియోస్ స్పిరిడోనాస్, అనస్తాసి (పునరుత్థానము) చర్చిలు. శాంటోరిని ఛాయాచిత్రాలలో ఎక్కువగా కనబడేవి ఇవే.

పనాగియా ప్లాత్సాని చర్చి: మొదట కోట లోపల ఉండేది. 1956 భూకంపము తరువాత ఊరి నడుమ తిరిగి నిర్మించారు.

నౌకా ప్రదర్శనశాల: 19వ శతాబ్దపు కెప్టెన్ భవనములో ఉన్నది. పాత ఓడల నమూనాలు, నావికా పరికరాలు ఇందులో ఉన్నాయి.

అమ్మూది: ఎర్రని కొండ క్రిందనున్న చిన్న రేవు. ఊరి నుండి రెండు వందలకు పైగా మెట్లు దిగి చేరవలెను. చేపల భోజనశాలలకు ప్రసిద్ధి.

ఫినికియా: ఇయాకు ఆనుకొని ఉన్న చిన్న గ్రామము. ద్రాక్షసారాయము తయారుచేసే పాత కొట్లు ఇక్కడ ఉన్నాయి. రద్దీ తక్కువ.

సందర్శన

ద్వీపపు ముఖ్య పట్టణమైన ఫీరా నుండి బస్సులో సుమారు అరగంటలో ఇయా చేరవచ్చును. కొండ అంచు వెంట ఫీరా నుండి ఇయాకు సుమారు 10 కిలోమీటర్ల కాలిబాట ఉన్నది. ఫిరోస్తెఫాని, ఇమెరొవిగ్లి గ్రామాల మీదుగా సాగే ఈ నడకకు మూడు నాలుగు గంటలు పడుతుంది. దారిలో నీడ లేదు కనుక వేసవిలో తెల్లవారుజామున బయలుదేరుట మంచిది. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు సందర్శనకు అనుకూలము. గ్రామము లోపల పాలరాయి పరచిన ప్రధాన వీధిలో వాహనాలు తిరుగవు. మెట్లు అధికముగా ఉండుట వలన వృద్ధులకు, నడవలేని వారికి కొంత కష్టము.

రద్దీ, భవిష్యత్తు

2023లో శాంటోరినికి సుమారు 34 లక్షల మంది పర్యాటకులు వచ్చారు. విహార నౌకల నుండి దిగినవారు సాయంకాలము ఇయాలోని ఇరుకు వీధులలో ఒకేసారి గుమిగూడుతారు. ఛాయాచిత్రాల కొరకు ఇళ్ళ కప్పులు ఎక్కడము వలన నివాసులకు ఇబ్బంది కలుగుతున్నది. చాలా ఇళ్ళు విడిది గదులుగా మారినందున ద్వీపములో పనిచేసే ఉపాధ్యాయులకు, వైద్యులకు అద్దె ఇళ్ళు దొరకడము కష్టమైనది. విహార నౌకల ప్రయాణికులను రోజుకు 8,000 మందికి పరిమితము చేయు విధానమును స్థానిక అధికారులు ప్రవేశపెట్టారు. 2025 జూలై నుండి వేసవి రద్దీ కాలములో ఒక్కొక్క ప్రయాణికునిపై 20 యూరోల రుసుము విధించారు.

2025 జనవరి చివరి నుండి శాంటోరిని, అమోర్గోస్ దీవుల మధ్య వేలాది ప్రకంపనాలు నమోదైనవి. ఫిబ్రవరి 10న వచ్చిన దాని తీవ్రత 5.3. పాఠశాలలు మూసివేశారు. 11,000 మందికి పైగా ప్రజలు తాత్కాలికముగా ద్వీపము విడిచి వెళ్ళారు. పెద్ద నష్టము జరుగలేదు. భూగర్భములో శిలాద్రవము కదలడమే ఈ ప్రకంపనాలకు కారణమని తరువాతి పరిశోధనలలో తేలినది. చరియపై కట్టిన ఇళ్ళ భద్రత, కొండచరియలు విరిగిపడే ప్రమాదము గురించిన చర్చ దీనితో మరల మొదలైనది.