ఉల్లేఖనాలు చెప్పే చరిత్ర: కీన్‌బాక్ వ్యాధి ఉదాహరణ

పరిశోధన వ్యాసం చివర ఉండే ఆధారాల పట్టికను చాలామంది చదవకుండా వదిలేస్తారు. చరిత్ర విద్యార్థికి మాత్రం అదీ ఒక చారిత్రక ఆధారమే. ఎవరు ఎవరి నుంచి నేర్చుకొన్నారో, ఎవరిని మరిచిపోయారో దానిలో కనిపిస్తుంది. మణికట్టులోని ఒక చిన్న ఎముకకు వచ్చే వ్యాధిని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలలో నెలవంక ఆకారంలో ఉండేదాన్ని లూనేట్ అంటారు. రక్తప్రసరణ దెబ్బతింటే ఆ ఎముక క్రమంగా నిర్జీవమై కుంగిపోతుంది. మణికట్టు నొప్పి పెడుతుంది, చేతి పట్టు సడలుతుంది. వియన్నాకు చెందిన ఎక్స్-రే నిపుణుడు రాబర్ట్ కీన్‌బాక్ 1910లో దీనిని జర్మన్ భాషలో వివరించాడు. ఆయన పేరే వ్యాధికి స్థిరపడింది.

అయితే దీనిని మొదట గుర్తించినవాడు ఆయన కాదు. ఫ్రాన్స్‌లో పెస్ట్ అనే వైద్యుడు 1843లోనే మృతదేహాలలో లూనేట్ కుంగిపోయి ఉండటాన్ని వర్ణించాడు. కానీ బతికున్న రోగి ఎముకను చూసే సాధనం అప్పటికి లేదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న తరువాతే ఈ జ్ఞానం వైద్యుడికి అక్కరకు వచ్చింది. ఉల్లేఖనం ప్రథమ స్థానాన్ని కాక, ఉపయోగాన్ని అనుసరిస్తుందనడానికి ఇది నిదర్శనం.

కీన్‌బాక్ వ్యాసానికి ఆంగ్లానువాదం ఒక వైద్య పత్రికలో 1980లో వెలువడింది. అంటే 70 ఏళ్లపాటు జర్మన్ రాని వైద్యులకు ఆయన మాటలు ఇతరుల వ్యాసాల ద్వారానే అందాయి. మూలాన్ని చదవడం వేరు, మూలాన్ని పేర్కొనడం వేరు.

ఉల్లేఖనాలు చికిత్సనూ ప్రభావితం చేస్తాయి. ముంజేతిలో రేడియస్, అల్నా అని రెండు ఎముకలుంటాయి. ఈ రోగులలో ఎక్కువమందికి రేడియస్ కంటే అల్నా పొట్టిగా ఉందని స్వీడన్ వైద్యుడు హుల్టెన్ 1928లో రాశాడు. ఆ వ్యాసాన్ని తరువాతివారు పదేపదే ఉదహరించారు. రేడియస్‌ను కొంత కత్తిరించి లూనేట్‌పై ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్సకు ఈ ఆలోచన బలమిచ్చింది. 1994లో బెల్జియం పరిశోధకులు పొట్టి అల్నా ఈ వ్యాధికి ప్రమాద కారకం కాదని వాదించారు. ఒక భావన ఎన్నిసార్లు ఉదహరించబడిందన్నది దాని ప్రచారానికి కొలమానమే గాని, రుజువు కాదు.

ఉల్లేఖనాలను క్రమపద్ధతిలో సూచికగా కూర్చవచ్చని 1955లో ప్రతిపాదించినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. 1960లలో ఆయన సంస్థ ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ను వెలువరించింది. దీనితో లెక్కించడం తేలికైంది. కానీ అంకెలకూ పరిమితి ఉంది. ఒక విషయం అందరికీ తెలిసిపోయాక దాని మూలాన్ని ఎవరూ పేర్కొనరని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించాడు. ‘కీన్‌బాక్ వ్యాధి’ అని రాసే వైద్యుడు 1910 నాటి వ్యాసాన్ని పేర్కొనకపోవచ్చు. పేరే ఉల్లేఖనంగా మారిపోయింది.

కాబట్టి ఉల్లేఖనాల సంఖ్యను చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పేర్కొన్నవారు మూలాన్ని చదివారా? సమర్థించడానికి పేర్కొన్నారా, ఖండించడానికా? అంతకుముందే చెప్పి, మరుగున పడినవారెవరు? శాసనాన్ని, కైఫీయతును పరీక్షించేటప్పుడు చూపే జాగ్రత్తే ఇక్కడా అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పెస్ట్‌కు దక్కని పేరు కీన్‌బాక్‌కు ఎందుకు దక్కింది? పది వాక్యాలలో వివరించండి.