పందెపు కారులకు పల్లెటూరి కందెన

"ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము" అను సామెతను తెలుగునాట విననివారుండరు. సంస్కృత సుభాషితములయందును ఏరండమునకు గౌరవము తక్కువయే. చందనమును, అశ్వత్థమును వర్ణించిన కవులెందరో కలరు గాని ఆముదపు చెట్టును పరిహాసమునకు దప్ప స్మరించినవారు అరుదు. అయినను రెండు ప్రపంచ యుద్ధములకు నడుమనున్న ఇరువది యేండ్లలో, ఐరోపాఖండమున మహావేగముతో పరుగెత్తిన పందెపు కారులలో పెక్కింటి యంత్రములకు ప్రాణరక్షణ మొసగినది ఈ చెట్టు నూనెయే. ఆ వృత్తాంతము కర్నూలు, కడప జిల్లాల మెట్టరైతులు తెలిసికొనదగినది.

ఈ సీమకు ఆముదము చిరపరిచితము. వాన ముఖము చాటుచేసిన యేటను, వేరు లోతునకు దింపి నిలువగల పైరు ఇది. వేరుసెనగ, కంది, కొఱ్ఱ చేలలో సాళ్లుగాను, గట్లవెంబడిని దీనిని వేయుదురు. గెలలన్నియు ఒక్కమారు పండవు. పండినవానిని పండినట్లు కోసి, కళ్లమున నెండించి కొట్టగా కాయకు మూడేసి గింజలు రాలును. వానిని వేచి, దంచి, నీటిలో కాచి, పైకి తేలిన నూనెను తీయుట ఇల్లాండ్రకు తెలిసిన విద్య. ప్రమిదలో దీపమునకు, బిడ్డ మాడునకు, కపిల బావుల తోలు బిరుసెక్కకుండుటకు అదియే వాడుక. అన్నిటికంటె ముఖ్యముగా, వరిగడ్డి మసిలో ఆముదమును కలిపి బండి ఇరుసునకు కందెన వేసెడివారు. కందెన లేని బండి ఊరు దాటకమునుపే కీచుమని మొఱపెట్టును, ఇరుసు అరగును, ఎద్దులు అలయును. ఈ చిన్న సత్యమే పందెపు కారులకును మూలసూత్రము.

లండను నగరమునకు సమీపమున 1907లో బ్రూక్లాండ్సు అను కాంక్రీటు పరుగుబాట వెలసెను. దాని చుట్టుకొలత రెండుముప్పాతిక మైళ్లు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట పందెముల ప్రాభవము మఱింత హెచ్చెను. 1923లో ఫ్రాన్సుదేశమున లెమాన్ నగరమున ఇరువదినాలుగు గంటలు ఎడతెగక నడచు పందెము ప్రారంభమయ్యెను. ఇంగ్లండువారి బెంట్లీ కారులు 1924లోను, మఱల 1927 మొదలు 1930 వఱకు వరుసగా నాలుగేండ్లును అందు విజయమందెను. 1924లో లియాన్ పందెమున బుగాట్టి 35వ రకపు కారు తొలిసారి కానవచ్చెను. జర్మనీలో 1927లో నూర్బర్గ్‌రింగ్ అను కొండదారి పందెపుబాట తెఱవబడెను. 1934లో కారు బరువు 750 కిలోలకు మించరాదను నియమము రాగా, మెర్సిడెస్, ఆటో యూనియన్ సంస్థలు ఆ తూకములోనే అద్భుత బలముగల యంత్రములను నిర్మించెను. అట్టి జర్మను కారులను జర్మను గడ్డమీదనే, 1935 జూలైలో, పాతబడిన ఆల్ఫా రోమియో కారుతో ఇటలీవాడగు నువొలారి ఓడించుట ఆ యుగమున చెప్పుకొనదగిన ఘట్టము.

ఈ యంత్రములలో ఇరుసులు నిమిషమునకు అయిదువేల పర్యాయములకు మించి తిరిగెడివి. లోహము లోహమును తాకినచో క్షణములో కాలి, కఱచుకొని, బిగిసిపోవును. రెంటినడుమ పలుచని నూనెపొర యొక్కటియే అడ్డము. ఆనాటి భూతైలములు వేడికి పలుచనై, పెట్రోలు తగిలినచో మఱింత పలుచనై, ఆ పొరను నిలుపజాలకుండెను. ఆముదమో, నూటికి ఎనుబదియైదు మొదలు తొంబది పాళ్లవఱకు రిసినోలిక్ ఆమ్లముతో కూడినది. ఆ ఆమ్లపు నిర్మాణములోనున్న విశేషముచే అది లోహమును గట్టిగా అంటిపట్టుకొనును, పెట్రోలులో సులభముగా కరుగదు, చిక్కదనము మిక్కుటము. ఇరుసు బండిదైనను కారుదైనను ఆముదము చేయు పని యొక్కటే.

ఈ గుణము మొదట వెల్లడియైనది పందెములలో మాత్రమే కాదు. మొదటి యుద్ధకాలపు విమానములలో కొన్నింటి యంత్రములు ఇరుసు కదలక, సిలిండర్లే గిఱ్ఱున తిరుగునట్టివి. పెట్రోలు ఆవిరియు నూనెయు ఒక్కగదిలోనే పోవుటచే వానికి ఆముదమే శరణ్యమయ్యెను. కాలని నూనె వెలికి చిమ్మి వైమానికుల ముఖములపై పడెడిది. దానిని మ్రింగినవారి కడుపులకు కలిగిన ఫలితమును మన పల్లెవారికి వేఱుగ వివరింపనక్కఱలేదు.

చార్లెస్ వేక్‌ఫీల్డు అను ఆంగ్ల వర్తకుడు 1899లో నూనెల సంస్థను స్థాపించి, 1909లో భూతైలమున ఆముదమును తగుపాలు కలిపిన క్రొత్త నూనెను అమ్మజొచ్చెను. ఆముదమునకు ఆంగ్లమున కాస్టర్ అని పేరగుటచే దానికి కాస్ట్రాల్ అని నామకరణము చేసెను. పందెములకై ప్రత్యేకించిన రకమునకు 'ఆర్' అను అక్షరమును చేర్చిరి. ఆ నూనె కాలునపుడు వచ్చు కమ్మని వాసన పందెపు మైదానములకే గుర్తయి నిలిచెను. ఆ వర్తకుడు 1915లో లండను నగరపు లార్డ్ మేయరయ్యెను. తరువాత ప్రభువుల సభలో స్థానము పొందెను. 1929 మార్చిలో గంటకు 231 మైళ్లకు పైబడిన వేగముతో నేలమీద కారు నడపిన సీగ్రేవ్, 1930 జూన్‌లో ఆ ప్రభువుదగు పడవపైననే నీటివేగమునకు ప్రయత్నించి అసువులు బాసెను. వేగము కీర్తి నిచ్చును గాని వెల చెల్లింపక విడువదు.

ఆముదమునకు దోషములును లేకపోలేదు. వేడికి కొంతకాలమునకు జిగురుగట్టి లోహముపై లక్కవలె అంటుకొనును. కనుక పందెము ముగియగానే, యంత్రము చల్లాఱకమునుపే దానిని వెలికితీసి, లోపల కడుగవలెను. చలికి ముద్దగట్టును. ఈ కారణముచే నిత్యము తిరుగు కారులకు శుద్ధమైన ఆముదము పనికిరాకపోయెను.

ఆ కాలమున ప్రపంచ విపణికి ఆముదమును పంపుటలో భారతదేశముదే ప్రధాన స్థానము. 1930 తరువాత బ్రెజిల్ పోటీకి వచ్చెను. మనదేశమున హైదరాబాదు సంస్థానమును, మద్రాసు రాజధానిలోని మెట్టజిల్లాలును ఈ పంటకు పేరుపొందినవి. 1871లో పూర్తియైన మద్రాసు-రాయచూరు రైలుమార్గము కడప మీదుగ పోవుటచే ఈ సీమ సరకు రేవునకు చేర దారి కలిగెను. అయినను ఏ యంత్రమున ఏ యూరి ఆముదము తిరిగినదో ఏ లెక్కలోను వ్రాసియుండదు. గింజ బస్తాలోనికి పోయినప్పుడే రైతు పేరు పోవును. రేవు దాటినప్పుడు ఊరి పేరును పోవును. సీసామీద మిగులునది అమ్మినవాని పేరొక్కటే. 1929లో మొదలైన ఆర్థికమాంద్యమున వేరుసెనగ మొదలగు పంటల ధరలన్నియు కూలి, రైతులు శిస్తు కట్టలేక అప్పులపాలగుచుండగా, అచట పందెములు సాగుచునేయుండెను.

అనంతరకాలమున భూతైలములలో క్రొత్త రసాయనములు కలిపి వాని దోషములను తీర్చిరి. బ్రూక్లాండ్సు బాట 1939లో మూతపడెను. ఆముదము మాత్రము మూతపడలేదు. దానినుండి తీసిన సెబాసిక్ ఆమ్లముతో జెట్ విమానములకు తొలితరపు కందెనలను చేసిరి. దానినుండియే పుట్టిన నైలాన్-11తో నేడు వాహనములకు ఇంధనపు గొట్టములు తయారగుచున్నవి. పాత పందెపు కారులను ముచ్చటపడి నడపువారు ఇప్పటికిని ఆముదపు నూనెనే కోరుదురు. ప్రపంచపు ఆముదములో అత్యధిక భాగము నేడును భారతదేశమునుండియే పోవుచున్నది. అందు గుజరాతు అగ్రస్థానమున నున్నది. మన కర్నూలు సీమలో ఆదోని మొదలగు ప్రాంతముల మెట్టభూములను ఈ పంట విడువలేదు.

కావున సామెతను ఇంచుక మార్చి చెప్పుకొనుట న్యాయము. మహావృక్షములున్న చోటను ఆముదపు చెట్టునకు సాటిలేని పని యొకటి కలదు. తాను పండించిన గింజ ఎచటికి పోవునో, ఎందుకు పనికివచ్చునో ఎఱిగిన రైతు దాని వెలను అడుగగలడు. ఎఱుగనివాడు ఇచ్చినది పుచ్చుకొనును. ఆ యెఱుకను ఊరివాకిట నిలుపుటకే గ్రంథాలయము పుట్టినది. ఇరువదియైదేండ్లుగా ఇచట వెలుగుచున్న దీపము ఆముదపు దీపమువలె పెనుగాలికి ఓర్చి చిరకాలము వెలుగుగాక!