చిన్న బడి, పెద్ద పాత్ర: ఉన్నత పాఠశాలలో సహపాఠ్య కార్యక్రమాల విలువపై ఒక పరిశీలన

ఆరు నుంచి పదో తరగతి వరకు సాగే ఉన్నత పాఠశాల దశలో, పాఠ్యపుస్తకానికీ పరీక్షకూ వెలుపల బడి ఆధ్వర్యంలో జరిగే ఆటలు, నాటకాలు, స్కౌటు శిక్షణ, ఎన్.సి.సి., గోడపత్రిక, వైజ్ఞానిక ప్రదర్శన వంటి వాటిని పాఠ్యేతర లేదా సహపాఠ్య కార్యక్రమాలని వ్యవహరిస్తున్నారు. వీటి అవసరం గురించి విధాన పత్రాల్లో భిన్నాభిప్రాయం కనిపించదు. ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్ వీటిని విద్యలో అంతర్భాగంగా చూడాలని కోరింది. విద్యా హక్కు చట్టం, 2009 అనుబంధం 6-8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న బడికి కళలు, వ్యాయామం, పని విద్యలకు పార్ట్ టైమ్ బోధకులుండాలని నిర్దేశించింది. జాతీయ విద్యా విధానం 2020 పాఠ్య, పాఠ్యేతర విభజననే తొలగించాలని సూచించింది. ఇంత ఏకాభిప్రాయం ఉన్నా పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే మొదట లెక్కల మాస్టారి చేతికి పోయేది డ్రిల్లు పీరియడే. 'సర్వతోముఖాభివృద్ధి' అనే విశాలమైన మాటతో సమర్థించిన విషయానికి, ఫలానా పిల్లవాడికి దానివల్ల ఏం ఒరుగుతుందో చెప్పలేనప్పుడు, ఈ గతి తప్పదు. కార్యక్రమం విలువ దాని పేరులో గానీ అది తెచ్చిపెట్టే బహుమతిలో గానీ లేదనీ, ఆ పిల్లవాడు రాకపోతే పని ఆగిపోయే స్థానం అతనికి దక్కిందా లేదా అన్నదానిలో ఉందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఈ వాదానికి బలమైన ఆధారం అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం నుంచి వచ్చింది. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ రాష్ట్రపు తూర్పు ప్రాంతంలోని హైస్కూళ్లను పరిశీలించి 1964లో 'బిగ్ స్కూల్, స్మాల్ స్కూల్' అనే గ్రంథాన్ని వెలువరించారు. నిర్ణీత చోట, నిర్ణీత వేళ, కొందరు తమ తమ పాత్రలు నిర్వహిస్తేనే జరిగే సంఘటనను, అంటే ఒక బాస్కెట్‌బాల్ ఆటను, నాటక ప్రదర్శనను లేదా తరగతి సమావేశాన్ని, వారు 'ప్రవర్తనా రంగం' అన్నారు. వారు పరిశీలించిన వాటిలో అతి పెద్ద బడిలో అతి చిన్న బడికి 65 రెట్లు విద్యార్థులుంటే, రంగాలు మాత్రం సుమారు 8 రెట్లే ఉన్నాయి. కనుక పెద్ద బడిలో అవకాశాల పట్టిక పొడవుగా ఉన్నా, ఒక్కొక్క విద్యార్థి వంతుకు వచ్చే పాత్రలు తగ్గిపోయాయి. చిన్న బడిలో మనుషులు చాలక, చదువులో వెనుకబడినవారినీ బిడియస్తులనూ కూడా పిలిచి పని అప్పగించవలసి వచ్చింది. తమకు కలిగిన తృప్తిని చెప్పమన్నప్పుడు చిన్న బడి పిల్లలు తాము చేసిన పని గురించి, ఎదుర్కొన్న సవాలు గురించి, నేర్చిన నేర్పు గురించి ఎక్కువగా చెప్పగా, పెద్ద బడి పిల్లలు చూసి ఆనందించిన వాటి గురించి ఎక్కువగా చెప్పారు. అదే పరిశోధనా బృందంలోని ఎడ్విన్ విలెమ్స్ గమనించిన విషయం మరీ విలువైనది: చదువులో అంచున ఉన్న విద్యార్థులు చిన్న బడిలో తక్కినవారితో సమానంగా బాధ్యతను అనుభవించగా, పెద్ద బడిలో అలాంటివారికి బడి కార్యక్రమాలు తమకు సంబంధించనివిగానే మిగిలిపోయాయి.

తెలుగు నేల మీది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలావాటి బలం అవి చిన్నవి కావడంలోనే ఉందని ఈ వెలుగులో తెలుస్తుంది. ప్రార్థన సమావేశంలో వార్తలు చదివేవారు, మంచిమాట చెప్పేవారు, ప్రతిజ్ఞ చెప్పించేవారు ప్రతిరోజూ కావాలి. నూటఇరవై మంది ఉన్న బడిలో ఈ వంతు ఎవరినీ దాటిపోనక్కరలేదు. వార్షికోత్సవంలో బుర్రకథ చెప్పాలంటే కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు కావాలి. వారిలో హాస్యపు వంతకు కావలసిన చురుకుదనం మార్కుల జాబితాలో పైన ఉన్నవారికే ఉంటుందన్న నియమం లేదు. ఆ పిల్లవాడి మాటకారితనాన్ని ఉపాధ్యాయులు మొదటిసారి గుర్తించేది తరచుగా అక్కడే. ఆరు నుంచి ఎనిమిది మందిని ఒక పెట్రోల్‌గా చేసి వారిలో ఒకరికి నాయకత్వం, తక్కినవారికి తలా ఒక పని అప్పగించే స్కౌటు పద్ధతి కూడా, దళం ఎంత పెద్దదైనా, ఈ చిన్నతనాన్ని బుద్ధిపూర్వకంగా కాపాడుతుంది.

పాల్గొనేవారు ముందునుంచే చురుకైనవారు, ఇంటి అండ ఉన్నవారు కాబట్టి వారిలో కనిపించే మేలు కార్యక్రమాలదని చెప్పలేమన్న ఆక్షేపణ న్యాయమైనదే. దీన్ని పరిశోధకులు ఎంపిక వల్ల వచ్చే దోషం అంటారు. జోసెఫ్ మహోనీ, రాబర్ట్ కెయిర్న్స్ 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ చిక్కును కొంత విడదీసింది. ఏడో తరగతి నుంచి దాదాపు 400 మందిని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, కార్యక్రమాల్లో పాల్గొన్నవారిలో బడి మానేయడం తక్కువగా ఉంది. ఆ తేడా ప్రధానంగా కనిపించింది చదువులోనూ నడవడిలోనూ ఎక్కువ ఇబ్బందుల్లో ఉన్న పిల్లల్లోనే. అందరికీ, అన్ని కార్యక్రమాల వల్లా మేలే జరుగుతుందని మాత్రం అనలేము. మిషిగన్‌లో జాక్వెలిన్ ఎకిల్స్, బోనీ బార్బర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో క్రీడాజట్ల సభ్యులకు బడిపై ఇష్టం ఎక్కువగా ఉన్నా, వారిలో మద్యపానం కూడా ఎక్కువగా కనిపించింది. ఎవరి సహవాసంలో, ఏ పెద్దల పర్యవేక్షణలో ఆ పని జరుగుతున్నదన్నది కూడా విలువను నిర్ణయిస్తుందన్నమాట.

అయితే స్థానం ఉన్నంత మాత్రాన అది అందరికీ అందదు. సాయంత్రం బడి విడిచాక సాధన పెడితే పక్క ఊళ్ల నుంచి బస్సులో వచ్చే ఆడపిల్లలు మొదట తప్పుకుంటారు. పత్తితీతల కాలంలో సెలవు రోజున పెడితే కూలింటి పిల్లలు తప్పుకుంటారు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరాన్ని చేరడం వెనుక ఆమె ధైర్యంతో పాటు, శిక్షణను ఇంటి మీద భారంగా వదలకుండా సంస్థే తన బాధ్యతగా తీసుకున్న ఏర్పాటు ఉంది. ఆ విజయం ఎంత గొప్పదైనా, మామూలు బడిలో ఎనిమిదో తరగతికి రాగానే మైదానం వదిలేసే బాలికల సమస్యకు జవాబు టైం టేబుల్‌లోనే వెతకాలి: సాధన బడి వేళల్లోనే జరగాలి.

మార్కులిస్తే గౌరవం వస్తుందన్న వాదన కూడా ఉంది. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తరువాత వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఆరోగ్య-వ్యాయామ విద్య, కళలు, పని విద్య, విలువల విద్యలకు గ్రేడ్లు ఏర్పడ్డాయి. ఉద్దేశం మంచిదే గాని, గ్రేడుకు రికార్డులో ఒక గడి చాలు. ఆ గడి నిండటానికి మైదానంలో ఆట జరిగి ఉండనక్కరలేదు.

చిన్న బడులను కలిపి పెద్ద బడి చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు ప్రయోగశాల, సబ్జెక్టు ఉపాధ్యాయులు, విశాలమైన మైదానం అనే లాభాలను లెక్కిస్తారు. పాత్రల నష్టాన్ని ఎవరూ లెక్కించరు. నష్టం తప్పనిసరి కాదు. నాలుగు వందల మంది ఉన్న బడికి ఒకే కబడ్డీ జట్టు ఉంటే బరిలో దిగేది 7 మంది. అదే బడిని నాలుగు హౌసులుగా విభజించి, ఒక్కొక్క హౌసులో పెద్ద తరగతులకు, చిన్న తరగతులకు వేరువేరు జట్లు కడితే 56 మంది దిగుతారు, బాలికల జట్లు విడిగా కడితే 112 మంది. గోడపత్రికకు, తోటపనికి, నాటకానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయంపై పరిశోధన చేయదలచినవారు పతకాల జాబితాలను పక్కనపెట్టి, ఒక విద్యా సంవత్సరంలో ఏ జట్టు పట్టీలోనూ, ఏ కార్యక్రమ పత్రంలోనూ పేరు లేని పిల్లలు ఎందరో, వారు ఏ వీధి నుంచి, ఏ ఊరి నుంచి వస్తున్నారో హాజరు పట్టీతో సరిపోల్చి చూడటంతో మొదలుపెట్టవచ్చు.