తిలా పాపం... ఉక్కు పద్దు

విశాఖ వన్ టౌన్‌లో మేడ మీద బట్టలారేసే ఇల్లాలిని పోర్టు గురించి కదిపితే ముందు దుమ్ము సంగతే ఎత్తుకుంటుంది. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి మసిబారుతుంది. ఆ మసిలో దిగుమతి బొగ్గు ఉంటుంది, ఓడలెక్కే ఇనుప ఖనిజమూ ఉంటుంది.

ఆ ఖనిజం బైలాడిల్లా గనులది. 1960ల్లో జపాన్‌కు ఎగుమతి కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైల్వే లైను మీదుగా కొండలు దిగి విశాఖ వస్తుంది. ఇదే ఊళ్లో ఉన్న ఉక్కు కర్మాగారానికి మాత్రం సొంత ఇనుప ఖనిజ గని ఒక్కటీ లేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు! టాటా స్టీల్‌కు, సెయిల్‌కు గనులున్నాయి. విశాఖ ఉక్కు ఖనిజాన్ని కొనుక్కోవాలి. ఉక్కు ధర పడిపోయిన ఏడాది ఈ తేడా ఎంత బరువో తెలుస్తుంది.

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం 1966లో ఊరూవాడా మారుమోగింది. అమృతరావు నిరాహారదీక్ష, పోలీసు కాల్పులు, 32 ప్రాణాలు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. ఇరవై ఒక్కేళ్లు! ఈలోగా నిర్మాణ వ్యయం పెరిగింది, దాంతోపాటే అప్పూ, వడ్డీ. తొలి ఏళ్లలో ఉత్పత్తి పుంజుకున్నా లాభం కనబడకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

నష్టం వచ్చినప్పుడల్లా తిలా పాపం తలా పిడికెడు పంచడం మొదలవుతుంది. కార్మికుల జీతాలెక్కువని ఒకరు, యాజమాన్యానికి చేతకాదని ఇంకొకరు, ఢిల్లీకి మనసు లేదని మరొకరు. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న మాట అన్ని వైపుల నుంచీ వినిపిస్తుంది, మద్దెల ఎవరన్నదే తేలదు.

పద్దు పుస్తకం తిరగేస్తే కథ అంత సూటిగా ఉండదు. 2002–03లో సంస్థ రూ. 521 కోట్ల నికర లాభం చూసింది. ప్రైవేటీకరణకు కేంద్రం ఆమోదం తెలిపింది 2021 జనవరిలో. ఆ ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరం రూ. 913 కోట్ల లాభంతో ముగిసింది. మరో రెండేళ్లకు, 2023–24లో, నష్టం రూ. 4,848 కోట్లు. అంత స్వల్ప కాలంలో కార్మికులు బద్ధకస్తులైపోయారంటే నమ్మడం కష్టం. 2022లో కోకింగ్ బొగ్గు ధర ఆకాశాన్నంటింది. దాన్ని ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచే తెచ్చుకోవాలి. ఆపైన ప్లాంటు విస్తరణకు చేసిన అప్పుల వడ్డీ, చేతిలో ఆడని డబ్బు. 2024 సెప్టెంబరుకల్లా మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒక్కటే నడిచింది.

2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో రూ. 10,300 కోట్లు ఈక్విటీగా, మిగతా రూ. 1,140 కోట్లు పాత రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడానికి. సొంత గని ఊసు మాత్రం ఆ ప్యాకేజీలో లేదు.