ఈవింగ్ సార్కోమా: జన్యు కారణాల అన్వేషణ

ఈవింగ్ సార్కోమా పిల్లల్లో, యుక్తవయసువారిలో కనిపించే అరుదైన ఎముక క్యాన్సర్. అమెరికా వైద్యుడు జేమ్స్ ఈవింగ్ 1921లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. రక్తనాళాల లోపొర నుంచి పుడుతుందన్న ఆయన ఊహ నిలవలేదు, పేరు నిలిచింది. కణితి కణాల్లో 11, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైనట్టు 1983లో గుర్తించారు. ఆ అతుకు దగ్గర ఈడబ్ల్యూఎస్ఆర్1, ఎఫ్ఎల్ఐ1 జన్యువులు కలిసిపోయాయని 1992లో తేలింది. సుమారు 85 శాతం రోగుల్లో ఉండేది ఈ జంటే. అయితే ఇది తల్లిదండ్రుల నుంచి రాదు, బిడ్డ ఒంట్లో ఏదో ఒక కణంలో పడుతుంది. అలాంటప్పుడు పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో కారణం వెతకడమెందుకు?

జవాబుకు ముందు ఇంకో అనుమానం తేల్చుకోవాలి. అనంతపురం జిల్లాలోని కుందుర్పి లాంటి మెట్ట ప్రాంతంలో ఎముక జబ్బనగానే ముందు బోరు నీళ్లమీదికే అనుమానం పోతుంది. అది ఊరికే వచ్చిన అనుమానం కాదు. ఆ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, ఫ్లోరోసిస్ ఎముకల్ని వంచేస్తుంది. కానీ ఫ్లోరోసిస్ వేరు, క్యాన్సర్ వేరు. మరో ఎముక క్యాన్సరైన ఆస్టియోసార్కోమాకూ ఫ్లోరైడ్‌కూ సంబంధం ఉండవచ్చని 2006లో ఒక అమెరికన్ అధ్యయనం అన్నది. ఎముకల్లోని ఫ్లోరైడ్‌నే కొలిచి చూసిన 2011 అధ్యయనంలో ఆ సంబంధం కనబడలేదు. ఈవింగ్ విషయంలో ఇంకా గట్టి సాక్ష్యముంది: అమెరికాలోని తెల్లవారితో పోలిస్తే అక్కడి ఆఫ్రికన్ సంతతివారిలో ఇది చాలా అరుదు, ఆఫ్రికాలోనూ అంతే. దేశం మారినా తేడా సంతతి వెంటే వస్తోందంటే నీటికన్నా వారసత్వాన్నే ముందు పరిశీలించాలి.

2012లో ఫ్రాన్స్ పరిశోధకులు 401 మంది రోగుల జన్యువులు చూసి, టీఏఆర్‌డీబీపీ, ఈజీఆర్2 జన్యువుల దగ్గర ముప్పు పెంచే తేడాలు కనుగొన్నారు. రోగులు ఇంత తక్కువైతే లెక్క తేలుతుందా అన్న అభ్యంతరానికి ఇదే జవాబు: ఒక్కో తేడా ప్రభావం ఇతర క్యాన్సర్లలో కన్నా పెద్దది కనుక తేలింది. 2015లో అసలు కిటుకు బయటపడింది. ఈజీఆర్2 దగ్గర కొందరిలో డీఎన్ఏ అక్షరాల వరుస జీజీఏటీ ఉండాల్సినచోట జీజీఏఏ ఉంటుంది. దాంతో పక్కపక్కనున్న జీజీఏఏ వరుసలు ఒకటైపోతాయి, కలిసిపోయిన జన్యువు తయారుచేసే ప్రోటీన్‌కు మరింత పట్టు దొరుకుతుంది. మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే: అతుకు పుట్టాక పడినా, దానికి పట్టు ఇచ్చే చోటు పుట్టుకతో వచ్చింది. ఈ తేడా ఉన్నవారిలో అత్యధికులకు జబ్బే రాదు కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పరీక్షలు చేయించడం అనవసరం. ప్రయోజనం వ్యాధి నడకను అర్థం చేసుకోవడంలోనే.

2018లో 733 మంది రోగులతో మరో మూడు చోట్లు దొరికాయి. ఆ 733 మందీ యూరోపియన్ సంతతివారే.